అన్ని మార్పులకూ ఒకే రివ్యూ సరిపోతుందా? వెబ్ ప్రాజెక్టుకు కోడ్ రివ్యూ పద్ధతి ఎంచుకోవడం

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక టీమ్‌లో ఒకే వారంలో రెండు పుల్ రిక్వెస్టులు (రాసిన మార్పుని చూసి ప్రధాన కోడ్‌లో కలపమని అడిగేవి) వచ్చాయి. మొదటిది ఒక ఎర్రర్ మెసేజ్‌లో అక్షరదోషాన్ని సరిచేసేది. మార్పు ఒక్క లైనే. అయినా అప్రూవల్ కోసం రెండున్నర రోజులు ఆగింది. రెండోది, ఎవరూ వాడట్లేదనుకున్న ఒక కాలమ్‌ని యూజర్ల టేబుల్ నుంచి తీసేసేది. దానికి ఐదు నిమిషాల్లో "బాగుంది" అని అప్రూవల్ వచ్చేసింది. ఆ కాలమ్‌ని రాత్రిపూట నడిచే ఒక రిపోర్ట్ జాబ్ ఇంకా చదువుతోందని మర్నాడు తెలిసింది. జాబ్‌ని మళ్లీ నడపడం పెద్ద పనేమీ కాలేదు. పోయిన డేటాని బ్యాకప్‌లోంచి తీసి, ఆ తర్వాత మారిన రికార్డులతో సరిచూసి మళ్లీ నింపేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

"ఒకరు అప్రూవ్ చేస్తే మెర్జ్ చేయొచ్చు", అంటే ప్రధాన కోడ్‌లో కలిపేయొచ్చు, అన్నది మా రూలు. రెండుసార్లూ అందరూ ఆ రూలు పాటించారు. నాకు అప్పుడు అర్థమైంది ఏమిటంటే, రివ్యూ పద్ధతిని టీమ్ మొత్తానికి ఒకటే అని ఎంచుకోకూడదు. మార్పుని బట్టి ఎంచుకోవాలి. పుల్ రిక్వెస్టా, పెయిర్ ప్రోగ్రామింగా, ముందు మెర్జ్ చేసి తర్వాత చూడటమా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎంచుకునే ముందు దేన్ని చూడాలి

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఇది తప్పని తేలితే వెనక్కి తీసుకోగలమా? బటన్ రంగు మారితే రివర్ట్ కొట్టి (ఆ మార్పుని రద్దుచేసి) మళ్లీ డిప్లాయ్ చేస్తే, అంటే సర్వర్లలో పెడితే చాలు. డిలీట్ అయిన డేటా, పంపేసిన ఈమెయిల్, కస్టమర్ కార్డు మీద రెండుసార్లు పడిన ఛార్జ్, బయటివాళ్లు చూసేసిన సమాచారం వెనక్కి రావు. గిట్‌లో రివర్ట్ కోడ్‌నే వెనక్కి తెస్తుంది, డేటాని తేదు. ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబిస్తే ఎంపికలో సగం పని అయిపోతుంది.

రెండోది ఎదురుచూపు. రివ్యూ కోసం ఆగినంతసేపూ రాసినవాళ్లు వేరే పని మొదలుపెడతారు. కామెంట్లు వచ్చేసరికి పాత విషయం మర్చిపోతారు. బ్రాంచ్ (మార్పు కోసం విడిగా తీసుకున్న కోడ్ కాపీ) పాతబడి, ఇతరుల మార్పులతో కాన్‌ఫ్లిక్టులు వస్తాయి. ఎదురుచూపు పెరిగితే ఇంకో నష్టం కూడా ఉంది. "ఎలాగూ రెండు రోజులు ఆగాలి కదా" అని జనం నాలుగు మార్పుల్ని ఒకే రిక్వెస్టులో కుక్కేస్తారు. పెద్దదాన్ని చూడటానికి రివ్యూయర్ ఇంకా వెనకాడతారు. అలా ఒకదానివల్ల ఇంకోటి పెరిగిపోతుంది.

మూడోది, ఆ కోడ్ ఎంతమందికి తెలుస్తుందన్నది. మైక్రోసాఫ్ట్‌లో జరిగిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. రివ్యూ ఎందుకు చేస్తారని అడిగితే బగ్గులు పట్టుకోవడానికని చాలామంది చెప్పారు. తీరా నిజం కామెంట్లను పరిశీలిస్తే బగ్గుల గురించినవి అనుకున్నదానికంటే తక్కువే. కోడ్ మెరుగుపరచడం, మార్పు గురించి ఒకరికొకరు తెలుసుకోవడం వంటి ప్రయోజనాలు ఎక్కువగా కనిపించాయి. నా అనుభవమూ అదే. ఒక మాడ్యూల్ ఒక్కరికే తెలిసిన టీమ్‌లో ఆ ఒక్కరు సెలవు పెడితే అందరికీ టెన్షనే.

నాలుగోది రికార్డు. కార్డు చెల్లింపుల కోడ్ రాసేవాళ్లకు ఇది ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. 2022లో వచ్చిన పీసీఐ డీఎస్ఎస్ 4.0 అనే కార్డు భద్రతా ప్రమాణం ప్రకారం, మనుషులే రివ్యూ చేసేటట్లయితే కోడ్ రాసినవారు కాక వేరొకరు దాన్ని చూడాలి, రిలీజ్‌కి ముందు మేనేజ్‌మెంట్ ఆమోదం కూడా ఉండాలి.

వెబ్ అప్లికేషన్‌లో డిఫ్ చూపించనివి

చేర్చిన లైన్లని పచ్చగా, తీసేసిన లైన్లని ఎర్రగా చూపించేదే డిఫ్. పద్ధతుల్లోకి వెళ్లేముందు ఒక చిన్న ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఆర్డర్ వివరాలు చూపించే కొత్త రూట్ (ఒక వెబ్ అడ్రస్‌కి జవాబిచ్చే కోడ్) ఒకటి రివ్యూకి వచ్చిందనుకోండి. మొత్తం ఎనిమిది లైన్లు. లాగిన్ అయ్యారో లేదో చూస్తుంది. యూఆర్ఎల్‌లోంచి ఆర్డర్ నంబర్ తీసుకుంటుంది. డేటాబేస్‌లో వెతుకుతుంది. దొరికితే జేసన్‌గా పంపుతుంది, లేకపోతే 404. పేర్లు చక్కగా ఉన్నాయి, టెస్ట్ ఉంది, అన్నీ పచ్చటి టిక్కులే.

ఇప్పుడు లాగిన్ అయిన ఒక కస్టమర్ యూఆర్ఎల్‌లో 1041ని 1042గా మారిస్తే? వేరేవాళ్ల పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ తెరమీదికి వచ్చేస్తాయి. ఆ ఆర్డర్ ఈ మనిషిదేనా అని అడిగే లైను లేదు. లేని లైను డిఫ్‌లో ఎర్రగానూ కనబడదు, పచ్చగానూ కనబడదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 టాప్ 10 ముప్పుల జాబితాలో మొదటి స్థానం ఇలాంటి తప్పులదే. అనుమతుల తనిఖీ సరిగా లేకపోవడాన్ని ఆ జాబితా ఒకటో నంబర్‌లో పెట్టింది.

మైగ్రేషన్ల (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే కోడ్) సంగతి ఇంకోటి. కాలమ్ పేరు మార్చడం ఒక్క లైను పని. కానీ డిప్లాయ్ జరుగుతున్న ఆ కొన్ని నిమిషాలూ పాత కోడ్, కొత్త కోడ్ రెండూ అదే డేటాబేస్‌తో మాట్లాడుతుంటాయి. పేరు మారిన క్షణం నుంచి పాత సర్వర్లన్నీ ఎర్రర్లు ఇస్తాయి. ఇండెక్స్‌దీ ఇదే కథ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) సృష్టిస్తే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. కాన్‌కరెంట్లీ అనే పదం చేరిస్తే ఆగవు, కానీ దాన్ని ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అని కట్టిన పనుల గుంపు) లోపల నడపలేం. మైగ్రేషన్ టూల్ అన్నిటినీ ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తుంటే ఆ సెట్టింగ్ ఆపాలి. మీ లాప్‌టాప్‌లో వంద వరసల టేబుల్ మీద ఇవేవీ బయటపడవు.

కాబట్టి ఏ పద్ధతినైనా తూచేటప్పుడు ఒకటి అడగండి: రాయని లైను గురించి ఆలోచించే తీరిక ఈ పద్ధతిలో ఎవరికైనా దొరుకుతుందా?

పుల్ రిక్వెస్ట్: మెర్జ్‌కి ముందు, ఎవరి తీరికలో వారు

గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్. పేరు ఏదైనా పని ఒకటే. బ్రాంచ్‌లో మార్పు చేస్తారు, ఇంకొకరు చదివి కామెంట్లు పెడతారు, అప్రూవ్ అయ్యాక మెర్జ్. ఎక్కువ టీమ్‌లు వాడేది ఇదే. దీని బలం రెండు చోట్ల ఉంది: ఎందుకలా చేశామన్నది రాతపూర్వకంగా మిగులుతుంది, దూరాన ఉన్నవాళ్లూ పాల్గొనగలరు.

బలహీనత ఎదురుచూపు. అయితే అది పద్ధతిలోనే పుట్టిన జబ్బు కాదని గూగుల్ అనుభవం చెబుతోంది. వాళ్ల రివ్యూల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో మధ్యస్థ మార్పు సైజు 24 లైన్లు. దాదాపు 90 శాతం మార్పులు పదికంటే తక్కువ ఫైళ్లను తాకేవే. ఒకరికి మించి రివ్యూయర్లు ఉన్నవి నాలుగో వంతు కూడా లేవు. రివ్యూ మొత్తం ముగియడానికి మధ్యస్థంగా పట్టిన సమయం నాలుగు గంటల లోపే. చిన్న మార్పు, ఒక్క మనిషి, త్వరగా జవాబు. ఈ మూడూ ఒకదాన్నొకటి నిలబెడతాయి. మీ టీమ్‌లో రెండు అప్రూవల్స్ తప్పనిసరి చేసి, ఎనిమిది వందల లైన్ల రిక్వెస్టులు పంపుకుంటూ "రివ్యూ మమ్మల్ని ఆపేస్తోంది" అనుకుంటుంటే, ముందు సరిచేయాల్సింది సైజునే. ఒక విడతలో 200 నుంచి 400 లైన్లకు మించి చదవవద్దని ఎప్పటినుంచో ఒక సలహా ఉంది. ఆ పైన కళ్లు చదువుతాయి కానీ బుర్రకి ఎక్కదు.

దీన్ని ఎంచుకుంటే సెట్టింగుల్లో ఒకటి మాత్రం మర్చిపోకండి. అప్రూవ్ అయ్యాక కొత్త కమిట్ (సేవ్ చేసి పంపిన ఒక విడత మార్పు) వస్తే పాత అప్రూవల్ రద్దయ్యేలా పెట్టండి. అది లేకపోతే ఎవరూ చూడని కోడ్ అప్రూవల్ ముద్రతో లోపలికి వెళ్లిపోతుంది. అనుమతులు, చెల్లింపులు, మైగ్రేషన్ల ఫోల్డర్లకు కోడ్ ఓనర్లను (వాళ్ల అప్రూవల్ తప్పనిసరి అయిన వాళ్లని) పెట్టండి. మిగతా వాటికి వద్దు. ప్రతి ఫోల్డర్‌కీ ఓనర్‌ని పెడితే ఆ ముగ్గురు సీనియర్ల ముందు క్యూ పెరిగిపోతుంది.

కామెంట్ల గురించి కూడా ఒక మాట. "ఇది ఇలా ఎందుకు?" అని రాస్తే జూనియర్‌కి అది తిట్టులా వినిపిస్తుంది. మార్చాలో, జవాబిస్తే చాలో తెలియదు. ప్రతి కామెంట్ మొదట్లో ఒక పదం పెట్టడం అలవాటు చేసుకోండి: తప్పనిసరి, సలహా, ప్రశ్న. "తప్పనిసరి: ఇక్కడ ఆర్డర్ యజమానిని సరిచూడాలి, లేకపోతే నంబర్ మార్చి వేరేవాళ్లది చూడొచ్చు." "సలహా: ఈ ఫంక్షన్ పేరు ఇంకాస్త స్పష్టంగా ఉండొచ్చు, ఇలాగే వదిలేసినా నాకు ఫర్వాలేదు." ఇంత చిన్న మార్పు మా టీమ్‌లో ఎన్నో అనవసర వాదనల్ని ఆపింది.

గెరిట్ తరహా: ఒక్కో కమిట్‌నీ విడిగా

ఆండ్రాయిడ్ ప్రాజెక్టు కోసం గూగుల్‌లో పుట్టిన గెరిట్‌లో బ్రాంచ్ మొత్తాన్ని కాక ఒక్కో కమిట్‌ని రివ్యూ చేస్తారు. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఐదు కమిట్‌లలో మొదటి రెండూ ఓకే అయితే అవి వెళ్లిపోతాయి, మిగతావి ఆగుతాయి. ఒక కమిట్‌కి నాలుగు ప్యాచ్‌సెట్లు (సరిదిద్దిన రూపాలు) వస్తే రెండోదానికీ నాలుగోదానికీ మధ్య ఏం మారిందో నేరుగా చూడొచ్చు. పెద్ద పనిని ముక్కలుగా పంపేవాళ్లకు ఇది చాలా బాగా కుదురుతుంది.

కానీ పాత కమిట్‌ని సరిదిద్దే అమెండ్, కమిట్‌లని కొత్త కోడ్ మీదికి మార్చే రీబేస్ అందరికీ అలవాటు కావాలి. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారాలు గిట్‌తోనే కుస్తీ పడతారు. ఇప్పటికే గిట్‌హబ్‌లో ఉన్న చిన్న టీమ్ దీనికోసం మారడం నాకు సబబుగా అనిపించదు. పుల్ రిక్వెస్టుల్నే ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటే ఇందులో చాలా లాభం దక్కుతుంది.

పెయిర్ ప్రోగ్రామింగ్: రాస్తుండగానే రివ్యూ

1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని విధానంతో ప్రోగ్రామర్ కెంట్ బెక్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇద్దరు, ఒక స్క్రీన్. ఒకరు రాస్తారు, ఒకరు ఆలోచిస్తారు, మధ్యలో మారతారు. ఎదురుచూపు సున్నా. తప్పు దారిలో మూడు రోజులు నడిచి, రివ్యూలో "ఇదంతా వేరేలా చేయాలి" అనిపించుకునే బాధ ఉండదు. డిజైన్ ఇంకా తేలని పనికీ, కొత్తవాళ్లకు పాత కోడ్ నేర్పడానికీ దీన్ని మించింది నేను చూడలేదు.

ఖర్చు కళ్లముందే కనిపిస్తుంది, ఇద్దరి సమయం. కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది. రెండు గంటలు కలిసి ఆలోచించాక ఇద్దరూ ఒకే ఊహకు అలవాటు పడతారు. ఆర్డర్ ఉదాహరణలో "ఈ పేజీకి కస్టమర్ తన ఆర్డర్ల జాబితా నుంచే వస్తాడు" అని ఒకరు అంటే రెండోవారు తలూపుతారు. బయటనుంచి చూసే మూడో మనిషే "నేరుగా యూఆర్ఎల్ కొడితే?" అని అడుగుతారు. అందుకే, వెనక్కి తీసుకోలేని మార్పుని పెయిర్‌గా రాసినా సరే, మూడో మనిషి చేత చూపించండి. కమిట్ మెసేజ్‌లో రెండో వ్యక్తి పేరు కో ఆథర్డ్ బై అని చేర్చడం కూడా మరవకండి. లేకపోతే ఆ కోడ్ ఇంకెవరికి తెలుసో ఆర్నెల్ల తర్వాత ఎవరూ చెప్పలేరు.

ముందు మెర్జ్, తర్వాత రివ్యూ

వినగానే భయం వేస్తుంది. అయితే 2021లో షిప్, షో, ఆస్క్ అనే పేరుతో వచ్చిన ఆలోచన దీన్ని పద్ధతిగా వాడుకోవడం చూపింది. నేరుగా మెర్జ్ చేసేవి కొన్ని, మెర్జ్ చేసి నలుగురికీ చూపించేవి కొన్ని, ముందు అడిగి ఆగేవి కొన్ని. ఏది ఏ గంపలో పడుతుందో రాసేవారే నిర్ణయిస్తారు.

ఇది కుదరాలంటే మూడు ఉండాలి: నమ్మదగిన టెస్టులు, నిమిషాల్లో వెనక్కి వెళ్లగల డిప్లాయ్, కొత్త ఫీచర్‌ని ఆపి ఉంచే ఫ్లాగులు. ఇందులో ఒకటి లేకపోయినా ఈ దారిలోకి వెళ్లకండి. మూడూ ఉంటే మాత్రం అక్షరదోషం రెండున్నర రోజులు ఆగే పరిస్థితి పోతుంది. దీనికో ప్రమాదం ఉంది. "తర్వాత చూస్తాను" అన్నది "ఎప్పటికీ చూడను"గా మారిపోతుంది. మేం రోజూ ఉదయం పావుగంట ముందురోజు మెర్జ్‌లను కలిసి చూసేవాళ్లం. క్యాలెండర్‌లో ఆ పావుగంట లేకపోతే ఈ పద్ధతి రివ్యూ లేకపోవడమే.

యంత్రం చేసే రివ్యూ

లింటర్ (కోడ్‌లో మామూలు తప్పుల్ని పట్టేది), ఫార్మాటర్ (కోడ్ అమరికని సరిచేసేది), టైప్ చెకర్, టెస్టులు మిగతా పద్ధతులకు పోటీ కావు, వాటికి పునాది. ఈఎస్‌లింట్, ప్రెట్టియర్ వంటివి చూసుకోగలిగినదాని గురించి మనిషి కామెంట్ పెట్టాల్సి వస్తోందంటే సీఐలో, అంటే ప్రతి మార్పునీ తనంతట తానే పరీక్షించే వ్యవస్థలో, లోటు ఉన్నట్టే.

ఏఐ రివ్యూ బాట్‌ల సంగతి కొంచెం వేరు. మర్చిపోయిన అవెయిట్, నల్ అయ్యే వేరియబుల్, లూప్‌లోపల నడిచే క్వెరీ లాంటివి బాగానే పట్టుకుంటాయి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఇది నిజమైన సాయం. కానీ మీ అప్లికేషన్‌లో మేనేజర్ తన శాఖ ఆర్డర్లే చూడాలా, అన్నీ చూడొచ్చా అన్న నియమం ఎక్కడా రాసి లేకపోతే బాట్‌కి అది తెలిసే దారి లేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. బాట్ ఇరవై కామెంట్లు పెట్టి అవన్నీ సరిదిద్దాక, ఆ రిక్వెస్ట్ బాగా వడపోసినట్టు కనిపిస్తుంది. మనిషి పైపైన చూసి అప్రూవ్ చేస్తాడు. బాట్ కామెంట్లు చూడకముందే మీరు డిఫ్ ఒకసారి చదవండి.

ఇక 1976లో ఐబీఎంకి చెందిన మైఖేల్ ఫాగన్ వివరించిన, కచ్చితమైన నియమాలతో సాగే ఇన్‌స్పెక్షన్ ఉంది. ముందుగా చదువుకుని రావడం, మీటింగ్, పాత్రల పంపకం, దొరికిన లోపాల పట్టిక అన్నీ ఉంటాయి. రోజువారీ వెబ్ పనికి ఇది గోటితో పోయేదానికి గొడ్డలి. లాగిన్ వ్యవస్థని మొత్తం మార్చేటప్పుడు ఏడాదికోసారి వాడితే బాగుంటుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఎదురుచూపు | తెలివిడి పంచుకోవడం | రికార్డు | వెనక్కి తీసుకోలేని మార్పుకు |
|---|---|---|---|---|
| పుల్ రిక్వెస్ట్ | గంటల నుంచి రోజులు | మధ్యస్థం | బాగా మిగులుతుంది | సరైన రివ్యూయర్ ఉంటే సరిపోతుంది |
| ఒక్కో కమిట్ | కొంచెం తక్కువ | మధ్యస్థం | చాలా బాగా | సరిపోతుంది |
| పెయిర్ | లేదు | ఇద్దరికి లోతుగా | కావాలని రాస్తేనే | మూడో మనిషి కావాలి |
| మెర్జ్ తర్వాత | లేదు | ఉదయపు సమావేశం మీద ఆధారం | బలహీనం | వద్దు |
| యంత్రం ఒక్కటే | నిమిషాలు | లేదు | ఉంటుంది | వద్దు |

మీరు ఎవరైతే ఏది

*ఒక్కరే ఉంటే:* మీకు మీరే పుల్ రిక్వెస్ట్ తెరవండి. వెంటనే మెర్జ్ చేయకుండా మర్నాడు ఉదయం బ్రౌజర్‌లో చదవండి. ఎడిటర్‌లో కనబడని తప్పులు వేరే తెరమీద కనబడతాయి. యంత్రాల సాయం పూర్తిగా వాడుకోండి. లాగిన్, చెల్లింపులు, డేటా తొలగింపు ఈ మూడింటికీ మాత్రం తెలిసినవాళ్లని ఒక గంట అడగండి.

*ఇద్దరి నుంచి ఐదుగురు, ఒకేచోట లేదా ఒకే వేళల్లో:* కష్టమైనదాన్ని పెయిర్‌గా చేయండి. తేలికైనదాన్ని ముందు మెర్జ్ చేసి ఉదయం చూడండి. డేటానీ అనుమతుల్నీ తాకేదానికే పుల్ రిక్వెస్ట్ పెట్టి ఆగండి. నన్నడిగితే చిన్న టీమ్‌లకు ఇంతకంటే మంచి అమరిక లేదు.

*వేర్వేరు టైమ్ జోన్లలో ఉంటే:* పుల్ రిక్వెస్టే. కానీ వివరణ రాసే పని మీద శ్రద్ధ పెట్టండి. ఏం మారింది, ఎందుకు, ఎలా పరీక్షించారు, తప్పయితే ఎలా వెనక్కి తేవాలి అన్న నాలుగూ ఉండాలి. ఒక ప్రశ్నకి ఒక రోజు పడుతుంది కాబట్టి, అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు రాసేయండి. వీలైతే అప్రూవల్ కూడా రాసినవారి టైమ్ జోన్‌లోనే దొరికేలా చూసుకోండి.

*జూనియర్లు ఎక్కువ ఉంటే:* మొదటి నెలలు పెయిర్, తర్వాత పుల్ రిక్వెస్ట్. జూనియర్ల చేత సీనియర్ల కోడ్‌ని కూడా రివ్యూ చేయించండి. వాళ్లకు అర్థం కాని చోటు సాధారణంగా కోడ్‌లోనే అస్పష్టంగా ఉన్న చోటు.

*చెల్లింపులు, ఆరోగ్య వివరాలు ఉంటే:* మెర్జ్‌కి ముందు రివ్యూ తప్పదు. దాంతోపాటు రివ్యూయర్‌కి ఏం వెతకాలో స్పష్టంగా చెప్పండి. ఇది ఎందుకంత ముఖ్యమో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం చూపించింది. వెబ్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌లోకి ఆ లోపం 2011 డిసెంబర్ 31న వచ్చింది, 2014 ఏప్రిల్‌లో లోకానికి తెలిసింది. ఆ మార్పుకి రివ్యూ జరిగింది. అవతలివారు పంపిన పొడవు సంఖ్యని సరిచూడకుండా నమ్మే కోడ్ ఆ రివ్యూ దాటి వెళ్లిపోయింది. "ఒకసారి చూడండి" అని పంపే బదులు "బయటనుంచి వచ్చే ప్రతి విలువనీ ఎక్కడ సరిచూస్తున్నామో చూడండి" అని పంపితే రివ్యూయర్ చదివే తీరే మారుతుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే, మీ ప్రాజెక్టులో చివరగా మెర్జ్ అయిన ఇరవై మార్పుల్ని తెరవండి. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి: మొదటి కామెంట్ రావడానికి ఎన్ని గంటలు పట్టింది, తప్పని తేలితే రివర్ట్‌తో సరిపోయేదా. మా టీమ్‌లో ఆ పని చేసినప్పుడు ఇరవైలో పదహారు రివర్ట్‌తో సరిపోయేవే. ఆ పదహారింటినీ ఆపడం మానేశాం. మిగిలిన నాలుగింటి తరహా మార్పులకు, ఆ కాలమ్ తీసేసిన మార్పు లాంటివాటికి, ఒక పూట ప్రత్యేకంగా కేటాయించాం. రాసినవారు, రివ్యూయర్ పక్కపక్కన కూర్చుని, ఆ కాలమ్ పేరుని రిపాజిటరీ అంతటా, రాత్రి జాబ్‌లతో సహా, వెతికాకే మెర్జ్ బటన్ నొక్కేవాళ్లు.